దురద మందు

ఇరవై రెండేళ్లుగా "డాక్టరు గారూ" అని పిలిచిన నోటితోనే గుర్రాల వీరభద్రం ఆ సోమవారం పొద్దున "ఈయన మా కాంపౌండరు గారండీ" అన్నాడు. అన్నది కూడా ఎవరితో? మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని కారు దిగిన, ముప్పై ఏళ్లు కూడా నిండని ఒక అమ్మాయితో.

కాశీవిశ్వనాథం నవ్వి నమస్కారం పెట్టాడు. పెట్టాక, ముందు తానెందుకు పెట్టాలని తన మీద తనకే కోపం వచ్చింది. వీరభద్రం మాటలో అబద్ధమేమీ లేదు. సర్కారు పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన మనిషే ఆయన. కానీ ఫిల్మ్‌నగర్‌లో ఆ సంగతి తెలిసినవాళ్లు కూడా ఎన్నడూ ఎత్తలేదు. రాజుల కథలు తీసేవాళ్లకి గుర్రాలు కావాలి, గుర్రాలకి సూది పొడిచేవాడు కావాలి. పొడిచేవాడి సర్టిఫికెట్ ఎవరిక్కావాలి? షూటింగులో ఏనుగుకి విరేచనాలైనా, పావురాలు తూలి పడిపోయినా "యూసుఫ్‌గూడ డాక్టరు గారికి కబురు పెట్టండి" అనేవారు. ఆ పిలుపు వినపడగానే నడుం నొప్పి కూడా మరిచిపోయి స్కూటరెక్కే మనిషి. ఇవాళ ఆ పిలుపు వీరభద్రం నోట్లోంచే జారిపోయింది.

వచ్చినామె పేరు డాక్టర్ మనోజ. సిద్దిపేట పక్క ఊరు, రైతుల పిల్ల. జూబ్లీ హిల్స్‌లో క్లినిక్ తెరిచి ఏడాదయింది. సాఫ్ట్‌వేర్ ఇళ్లల్లో కుక్కలన్నీ ఆమె దగ్గరికే పోతాయని కాశీవిశ్వనాథం విన్నాడు. కుక్కలేగా, పోనిమ్మనుకున్నాడు. ఇప్పుడు గుర్రం దాకా వచ్చింది.

గుర్రమేదని ఆమె అడగక్కర్లేకపోయింది. రేకుల సాలలో నాలుగు గుర్రాలుంటే మూడు గడ్డి తింటున్నాయి. నాలుగోది ముత్యం, రాతి గోడకి మెడ ఆనించి పరపరా రాసుకుంటోంది. పద్నాలుగేళ్ల తెల్ల ఆడగుర్రం. సినిమాల్లో రాకుమారుల్నీ, ముహూర్తాల రోజుల్లో సాఫ్ట్‌వేర్ పెళ్లికొడుకుల్నీ మోసి వీరభద్రం ఇంటిని నడుపుతున్నది అదే. పక్కకి వేలాడే దాని జూలు వాడి పారేసిన చీపురులా అరిగిపోయింది. మెడ మీద తోలు లేచి ఎర్రటి చారలు దేరింది. తోక మొదట్లో ఒక్క వెంట్రుక లేదు. గుర్రాలను చూసుకునే సాయీసు భిక్షం పగ్గం పట్టి గోడ దగ్గర్నుంచి లాగితే, అది వచ్చి అతని వీపుకే మెడ వేసి రాయడం మొదలుపెట్టింది.

"వారం సంది గిదే లొల్లి మేడం," అన్నాడు భిక్షం. యాభై దాటిన మనిషి, అంత బరువు మీద పడుతున్నా కాళ్లు నిలదొక్కుకుని నిలబడ్డాడు. "నిద్ర లేదు, తిండి లేదు. నన్నే గోడ అనుకుంటుంది."

మనోజ పది నిమిషాలు ఏమీ చెయ్యలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడింది. చూడ్డానికైతే దారిన పోయేవాడైనా చాలు గదా అనుకున్నాడు కాశీవిశ్వనాథం. తనైతే ఈపాటికి సంచీ తెరిచి ఉండేవాడు. తర్వాత ఆమె సాల వెనక్కి నడిచి, ప్రహరీ మీంచి పక్క జాగాలోకి తొంగిచూసింది. అక్కడెవరో కంప్యూటర్ల కంపెనీ వాళ్లు అద్దాల మేడకని మూడు నిలువుల గొయ్యి తవ్వారు. వానలకి అది నిండి పచ్చగా మురిగింది.

"గీ నీళ్లు ఎన్ని రోజుల సంది ఉన్నయి?"

"ఆషాఢం నుంచీనండీ," అన్నాడు వీరభద్రం.

"దురద గీడనే పుడుతున్నది. కంటికి సరిగ్గ ఆనని చిన్న దోమలుంటయి. పొద్దుగాల, మాపటేళ లేస్తయి. గుర్రాలన్నిటినీ కుడతయి గానీ దీని ఒంటికి ఆ కాటు పడదు."

కాశీవిశ్వనాథం కూడా ప్రహరీ మీంచి తొంగిచూశాడు. ఆ గొయ్యి పక్క నుంచే రోజూ స్కూటరు మీద వచ్చాడు. దోమలు తననీ కుట్టాయి. ఇన్నాళ్లూ అది రక్తంలో వేడి అని చెప్పి, వేపాకు రుద్దించి, కుడితి తాగించాడు. వచ్చి పావుగంట కాలేదు, ఈ పిల్ల గోడ మీంచి చూసి చెప్పేసింది.

వీరభద్రానికి దోమల కథ అక్కర్లేదు. "వచ్చే మంగళవారం షూటింగండీ. హీరో దీని మీద కోట మెట్లు దిగాలి. జూలు సంగతి విగ్గుల రాములు చూసుకుంటానన్నాడు, మెడ కొలతలు కూడా తీసుకెళ్లాడు. లైట్ల కింద మూడు గంటలు గోక్కోకుండా నిలబడితే చాలు నాకు. లేకపోతే వేరేవాళ్ల గుర్రాన్ని పెట్టుకుంటామంటున్నారు. ఒకసారి చెయ్యి జారిన కంపెనీ మళ్లీ మన గుమ్మం తొక్కదండీ."

"స్టెరాయిడ్ ఇస్తే రెండు మూడు రోజుల్ల దురద ఆగుతది," అంది మనోజ. కాశీవిశ్వనాథం చూపు నేల మీదికి వాలింది. ఆమె ఇంకా చెబుతోంది. "కానీ దాంతోటి భయం కూడా ఉన్నది. కొన్ని గుర్రాలకు స్టెరాయిడ్ పడితే కాళ్లు పట్టుకుంటయి. గిట్ట లోపల ఎముకను పట్టుకుని ఉండే పొర వాస్తది. పట్టు వదిలితే ఎముక కిందికి జారుతది. అప్పుడు నిలబడలేదు, పండుకోలేదు. ఇగ చంపుడే దిక్కయితది. గీ గుర్రం లావున్నది, మెడ మీద కొవ్వు గట్టిగున్నది. గసుంటి వాటికి భయం ఎక్కువ."

ఆమె వంగి ముందుకాళ్లు ఒకటొకటే ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. గిట్ట మీద అరచెయ్యి వేసి చాలాసేపు ఉంచింది. బొటనవేలితో పైనుంచి కిందికి నిమిరింది. లేచి చేతులు దులుపుకుని నేరుగా కాశీవిశ్వనాథం వైపు తిరిగింది.

"సార్, మీరు చిన్నప్పటి సంది చూస్తున్నరు కద దీన్ని. ఇంతకుముందు ఎన్నడన్న కాళ్లు పట్టుకున్నయా?"

మాఘమాసంలో ఇదే దురదకి, రోజూ పెళ్లి ఊరేగింపులున్నాయని వీరభద్రం తొందరపెడితే, ఒంట్లో చాలా రోజులు నిలిచే రకం స్టెరాయిడే రెండు సూదులిచ్చాడాయన. దురద మంత్రం వేసినట్టు పోయింది. వీరభద్రం శాలువా కూడా కప్పాడు. రెండో సూది పడిన నాలుగో నాడు ముత్యం అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయింది. రాయి గుచ్చుకుందని ఆయనే అందరికీ చెప్పాడు. భిక్షం ఎవరూ చెప్పకుండానే అయిదు రోజులు తడి బురదలో నిలబెట్టి దాన్ని నిలుపుకున్నాడు.

ఇప్పుడు భిక్షం పగ్గం ముడి వైపు చూస్తున్నాడు.

"ఏమీ లేదమ్మా," అన్నాడు కాశీవిశ్వనాథం. "ఇనప కాళ్లు దానివి."

భయంతో అన్నాడా అంటే సగమే. మిగతా సగం ఆయనకి స్పష్టంగా తెలుసు. ఇవ్వనీ. ఈ పుస్తకాల పిల్లని ఇవ్వనీ, అప్పుడు తెలుస్తుంది గుర్రమంటే ఏమిటో.

"సరే సార్. ఇయ్యాల రాత్రి ఆలోచించుకుంట," అంది మనోజ.

*

మర్నాడు కాశీవిశ్వనాథం సాలకి వెళ్లలేదు. యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో కూర్చుని పేపరు మొదటి పేజీనే మూడుసార్లు చదివాడు.

"ఏంటి, గుర్రాలన్నీ చచ్చాయా, ఇంట్లో ఉన్నారు?" అంది భార్య జ్ఞానప్రసూనాంబ, బెండకాయలు తరుగుతూ.

"కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఆవిడే చూసుకుంటుంది."

"మంచిదేగా. మీ నడుముకి కాస్త విశ్రాంతి."

"గుర్రాన్ని ఎటునుంచి ముట్టుకోవాలో తెలియదు ఆ పిల్లకి. బూట్లు మాత్రం ఉన్నాయి."

"బూట్లుంటే తప్పేంటండీ? పేడలో మీరూ వేసుకోవచ్చు. ఎన్నిసార్లు చెప్పాను?"

ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. ఎక్కడికో చెప్పలేదు. చెప్పడానికి ఆయనకే సిగ్గుగా ఉంది.

క్లినిక్ ముందు ఆరు కార్లున్నాయి. డ్రైవర్లు చెట్టు కింద చేరి కబుర్లాడుతున్నారు. ఆయన స్కూటరు కార్ల సందులో పెట్టి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నవాడిలా కాసేపు నిలబడి, చివరికి అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. చల్లటి గాలి మొహానికి తగిలింది. సర్కారు ఆస్పత్రిలో ఫ్యాను బాగుచేయించమని పదమూడేళ్లు అర్జీలు పెట్టిన రోజులు గుర్తొచ్చి ఆ చల్లదనం మీద కూడా ఒళ్లు మండింది.

"పెట్ నేమ్ చెప్పండి సార్," అంది కౌంటర్లో కూర్చున్న అమ్మాయి.

దొరికిపోయిన దొంగలా "ముత్యం" అన్నాడు.

"బ్రీడ్?"

"తెల్లది."

"ఏజ్ ఎంతండీ?"

"పద్నాలుగు."

"ఫోర్టీనా? అయ్యో, చాలా సీనియర్ అండీ. మేడం జాగ్రత్తగా చూస్తారు, కూర్చోండి. ఎక్కడుంది, కార్లో ఉందా?"

"వస్తుంది," అని కాశీవిశ్వనాథం ఓ మూల కుర్చీలో కూర్చున్నాడు. పక్కన మెడలో కంపెనీ కార్డు వేలాడుతున్న కుర్రాడు ఒళ్లో ల్యాప్‌టాప్, కాళ్ల దగ్గర దున్నపిల్లంత కుక్క పెట్టుకుని పని చేసుకుంటున్నాడు.

"ఫస్ట్ టైమా అండీ?" అన్నాడు కుర్రాడు. "మేడం చాలా మంచి డాక్టరు. మా వాడికి మూడుచోట్ల తిప్పాం. మూడుచోట్లా మూడు జబ్బులు చెప్పారు. ఈవిడొక్కరే నాకు తెలియట్లేదు, రెండు రోజులు టైమివ్వండి అన్నారు. అప్పుడే నమ్మకం కుదిరింది."

తెలియదని చెప్పడం కూడా గొప్పేనా? ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో కాశీవిశ్వనాథం ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అంటే గేదెతో సహా మనిషి వెళ్లిపోతాడు. తాను అనలేని మాట అని ఈ పిల్ల పేరు తెచ్చుకుంటోంది. కార్లు చూసినప్పుడు కూడా ఆయనకి ఇంత కష్టం కలగలేదు.

లోపలి గది తలుపు ఓరగా తెరుచుకుంది. మనోజ బల్ల పక్కన నిలబడి డబ్బాలో అన్నం గబగబా తింటోంది. ఎదురుగా దిండంత లావు పుస్తకం తెరిచి ఉంది. పేజీ మీద గుర్రం కాలు బొమ్మ ఇక్కడికే కనిపిస్తోంది. తింటూనే ఒక వేలితో పేజీ తిప్పింది.

చదువుకో తల్లీ, అనుకున్నాడాయన. ముత్యం సంగతి ఆ పుస్తకంలో లేదు. అది నా కడుపులో ఉంది. ఎన్ని పేజీలు తిప్పినా నీకు దొరకదు.

ఆ రోజంతటిలో ఆయనకి హాయిగా అనిపించింది ఆ ఒక్క క్షణమే. కౌంటరమ్మాయి ఫోనెత్తినప్పుడు మెల్లగా లేచి బయటపడ్డాడు.

ఇంటికొచ్చేసరికి జ్ఞానప్రసూనాంబ గుమ్మంలోనే చెప్పింది. "వీరభద్రం గారు ఫోన్ చేశారు. డాక్టరమ్మ పొద్దున్నే మాత్రలు తెచ్చి భిక్షానికిచ్చి వెళ్లిందట. మిమ్మల్నోసారి వచ్చి పొమ్మన్నారు."

"ఇచ్చేసిందా?"

"ఇచ్చిందనే చెప్పారు. వెళ్తారా?"

"నేనెందుకు?" అన్నాడు కాశీవిశ్వనాథం. "కాంపౌండరు పని ఏముంది అక్కడ?"

భోజనంలో బెండకాయ వేపుడు ముట్టుకోలేదు. మంగళవారం మొదలుపెట్టిందంటే గురు, శుక్రవారాల్లో తేలుతుంది. ముత్యం ముందుకాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి, వెనక్కి వాలినట్టుగా నిలబడుతుంది. వీరభద్రం పరిగెత్తుకొస్తాడు. డాక్టరు గారూ మీరే దిక్కంటాడు. తాను చొక్కా గుండీలు తాపీగా పెట్టుకుంటాడు. ఈ బొమ్మ బుధవారం పొద్దుట్నుంచి పొద్దుపోయేదాకా ఆయన కళ్ల ముందు ఆడింది. ఆ బొమ్మలో ముత్యం మొహం మాత్రం ఆయన చూడలేదు.

*

గురువారం తెల్లవారగానే ఉండబట్టలేక స్కూటరు తీశాడు.

సాల దగ్గరికి రాకముందే హోరు వినిపించింది. చూస్తే ఏముంది, షూటింగుల్లో హీరోయిన్ల జుట్టు ఎగరెయ్యడానికి వాడే నిలువెత్తు గాలి ఫ్యాను ఒకటి సాల ముందు నిలబెట్టి ఉంది. దాని గాలికి గడ్డిపోచలు గాల్లో తిరుగుతున్నాయి. ఫ్యానుకెదురుగా ముత్యం, ఏదో పాత సెట్టు తాలూకు నెట్టుగుడ్డతో కుట్టిన అంగీ ఒంటినిండా వేసుకుని, చెవులు నిక్కించి నిలబడి ఉంది. గోడ వైపు చూడటం లేదు. భిక్షం వీపు వైపూ చూడటం లేదు. పుండ్ల మీద ఎర్రదనం తగ్గి పక్కు కడుతోంది. పది రోజుల తర్వాత మొదటిసారి అది స్థిమితంగా ఎండుగడ్డి నములుతోంది.

మాత్రలు పని చేశాయి, అనుకున్నాడు కాశీవిశ్వనాథం. తన సూదికి రెండు రోజులు పట్టింది, ఆమె మాత్రకీ రెండు రోజులే. అయినా ఆమెకి ఫ్యానులు, అంగీలు, హంగులు. తనకి ఒక శాలువా.

భిక్షం బక్కెట్టు పట్టుకుని పంపు దగ్గరికి పోవడం చూసి, ఆయన గబగబా ముత్యం పక్కకి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. నడుం కలుక్కుమంది. కుడి ముందుకాలి గిట్ట మీద అరచెయ్యి పెట్టాడు.

చల్లగా ఉంది.

ఎడమ గిట్ట మీద పెట్టాడు. అదీ చల్లగా ఉంది. చీలమండ వెనకాల వేళ్లు పెట్టి నాడి చూశాడు. తొందర లేకుండా మెల్లగా కొట్టుకుంటోంది. ఆయనకి నిరాశ కలిగింది. చేతిలో పెట్టిన వస్తువు లాక్కున్నప్పటి నిరాశ. అది ఏమిటో తెలియడానికి ఒక క్షణం పట్టింది. తెలిశాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముత్యం మెడ వంచి, ఎప్పటిలాగే ఆయన చొక్కా జేబులో బెల్లం ముక్క కోసం మూతి పెట్టింది. దీని కాళ్లు పోవాలని రెండు రోజుల్నుంచి తాను కూర్చుని ఎదురు చూస్తున్నాడు. పుట్టిన నాడు దీని ఒళ్లు తుడిచింది తనే. కాశీవిశ్వనాథానికి తన మీద అసహ్యం వేసింది. అసహ్యం వేసినా అసూయ పోలేదు, అది ఉన్నచోటే ఉంది.

"వచ్చిండ్రా సాబ్," అన్నాడు వెనకనుంచి భిక్షం. "రెండు దినాల సంది మీ కోసమే చూస్తున్న."

"మాత్రలు బాగానే పని చేశాయే."

"యాడి గోలీలు సాబ్? గోలీలు ఇంకా ఇయ్యనే లేదు."

కాశీవిశ్వనాథం గోడ పట్టుకుని లేచాడు. "మంగళవారం ఇచ్చి వెళ్లిందన్నారు?"

భిక్షం గూట్లోంచి కాగితపు పొట్లం తీసి చూపించాడు. కట్టిన దారం కట్టినట్టే ఉంది. "ఇచ్చి పోయింది. కానీ పెద్దాయన వచ్చి ఇయ్యిమంటెనే ఇయ్యాలె, అప్పటిదాంక ఒక్క గోలీ ముట్టొద్దు అన్నది. ఆ ఫ్యాను, ఆ అంగీ ఆమె చెప్పినయే. గాలికి దోమలు ఎగరలేవట. దురద జర తగ్గింది గానీ పూర్తిగ పోలే, నిన్న మాపటేళ మళ్ల గోక్కుంది."

"నేను వచ్చి చెప్పాలా? నేనెందుకు?"

"గది నాకేం తెల్సు." భిక్షం పొట్లం మళ్లీ గూట్లో పెట్టాడు. "మాఘమాసంల కాళ్లు ఎట్లుండె అని నన్ను గూడ అడిగింది."

"మాఘమాసం అని ఆవిడకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలే. గిట్టలు చూసి నెలలు లెక్కవెట్టింది. నాకు తెల్వదు, డాక్టర్ సాబ్‌ని అడుగుండ్రి అన్న."

"నువ్వు చెప్పెయ్యకపోయావా?"

"నేనెట్ల చెప్త సాబ్?" అన్నాడు భిక్షం నీళ్ల బక్కెట్టు ముత్యం ముందు పెడుతూ. "అది మీరు చెప్పే ముచ్చట."

*

మనోజ వచ్చేసరికి ఎనిమిదైంది. ఆమె వెనకే వీరభద్రం కారు ఆగింది గానీ, అతను గేటు దగ్గరే సెల్‌ఫోన్‌లో షూటింగు మేనేజరుతో వాదనలో పడ్డాడు. మనోజ వచ్చి ముత్యం కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని, కాశీవిశ్వనాథాన్నీ పక్కన కూర్చోమంది.

"ఇగో సార్, గిది చూడుండ్రి." గిట్ట మీద ఒకచోట ఆయన వేలు పట్టుకుని పెట్టింది. గోరు మీద గాయం మచ్చలా అడ్డంగా ఒక గాడి తగిలింది. "గిట్ట పైనుంచి కిందికి పెరుగుతది కద. కాళ్లు పట్టుకున్నప్పుడు పెరుగుదల ఆగి గిట్ల గీత పడ్తది. రెండు ముందుకాళ్లకు ఒక్క ఎత్తులనే ఉన్నయి. ఆర్నెల్ల కిందటివి. రాయో ముల్లో గుచ్చుకుంటే ఒక్క కాలికే ఉండాలె."

ఇన్నేళ్లుగా ఆ కాళ్లు పట్టుకున్న చేతులు కాశీవిశ్వనాథానివి. ఆ గీత ఆయన చేతికి ఎప్పుడూ తగల్లేదు. తెలిసి ఉంటే కదా తగలడానికి. అబద్ధం పట్టుబడిందన్న సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మళ్లీ అదే మంట. ఈ సంగతి నాకెందుకు తెలియదు, దీనికెలా తెలుసు?

"అప్పుడు దురద మందు ఎవరు ఇచ్చిండ్రు అన్నది నాకొద్దు సార్," అంది ఆమె నెమ్మదిగా. "ఏ మందు, ఎంత ఇచ్చిండ్రు, ఎన్ని రోజులకు కాళ్లు పట్టుకున్నయి, గంతే. మందు మీద మందు పడి లోపలి పొర బాగ దెబ్బతిన్నదంటే ఇగ దీనికి బతికినన్ని రోజులు స్టెరాయిడ్ ఇయ్యొద్దు. ఒక్కసారి ఇస్తే కొద్దిగ పట్టుకున్నయంటే ఆలోచన చెయ్యొచ్చు, చిన్న డోసుల గోలీలు ఇచ్చి చూడొచ్చు. గది తెల్వకుంట నేను ఇయ్యలేను, ఇయ్యను అనీ అనలేను. రెండు రాత్రులు పుస్తకాలు తిరగేసిన. నాకు తెల్వట్లేదు."

ఆయన వేలు ఇంకా ఆ గాడి మీదే ఉంది. ఇంతలో వీరభద్రం సెల్‌ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు.

"ఏమండీ, మాత్రలు ఇంకా వెయ్యలేదంటున్నాడు భిక్షం? ఇవాళ గురువారం. ఆ మేనేజరు నా ప్రాణం తీస్తున్నాడు. ఇవాళ సాయంత్రంలోపు మాట చెప్పకపోతే వేరే గుర్రం తెచ్చుకుంటాడట. వేసెయ్యండి, ఏమీ కాదు. ఆ కాళ్లకి ఏ రోగమూ లేదని కాశీ గారు చెప్పారుగా."

మనోజ కాశీవిశ్వనాథం మొహంలోకి చూసింది. తొందరపెట్టే చూపు కాదు. ఎంతసేపైనా ఉంటానన్నట్టు చూసింది. ఆయన ముత్యం గిట్టకంటిన గడ్డిపోచ తీస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆమె లేచి నిలబడింది.

"నేనే వద్దంటున్న వీరభద్రం గారూ. ఇది నా నిర్ణయం. గుర్రం లావున్నది, నాకు ధైర్యం చాలుతలేదు. షూటింగు పోతే తప్పు నా మీద వెయ్యుండ్రి. డాక్టరు ఇయ్యనన్నదని మేనేజరుకు చెప్పుండ్రి, కావాలంటే నేను మాట్లాడ్త."

వీరభద్రం నిట్టూర్చాడు. "నష్టమేనండీ. కానీ ధైర్యం చాలట్లేదని మొహం మీద చెప్పిన డాక్టర్ని ఇప్పుడే చూస్తున్నాను. మీ మీద నాకు గురి కుదిరింది. కానివ్వండి."

అయిపోయింది. కాశీవిశ్వనాథం నోరు మెదపకపోతే చాలు. ముత్యం కాళ్లకి ఏమీ కాదు. మాఘమాసం మాట ఎవరూ ఎత్తరు. ఆ రాయి అలాగే రాయిగా ఉండిపోతుంది. భిక్షం చెప్పడు, ఆమె చెప్పదు. ఇంతకన్నా ఏం కావాలి ఏ మనిషికైనా?

కానీ ఆయనకి అదే సహించలేదు. తన అబద్ధాన్ని ఈ పిల్ల తన కొంగు కింద దాస్తోంది. దాచినందుకు కూడా వీరభద్రం ఆమెకే దణ్ణం పెట్టేలా ఉన్నాడు. డబ్బున్న కుక్కలు ఆమెకి, చల్లగాలి ఆమెకి, గీతలు చదవడం ఆమెకి, తెలియదనే ధైర్యం ఆమెకి. ఇప్పుడు ఈ మంచితనం కూడా ఆమెకేనా? ఒక్కటి, కనీసం ఒక్కటి, తనదంటూ ఉండొద్దా? ఆలోచిస్తే తనదంటూ అక్కడ ఒక్కటే మిగిలింది. తాను చేసిన తప్పు.

"ఆవిడ నిర్ణయం కాదయ్యా అది," అన్నాడు కాశీవిశ్వనాథం.

వీరభద్రం తిరిగి చూశాడు.

"మాఘమాసంలో దీనికి నేను స్టెరాయిడ్ ఇచ్చాను. రెండు సూదులు. దానికే కాళ్లు పట్టేశాయి. రాయీ లేదు, రప్పా లేదు."

"రాయి గుచ్చుకుందన్నారు కదా మీరు," అన్నాడు వీరభద్రం.

"అన్నాను."

"అయిదు రోజులు దాని పక్కనే కూర్చున్నారు. నేను దర్గాకి మొక్కుకున్నాను. మీకు తెలిసే కూర్చున్నారా?"

"తెలిసే కూర్చున్నాను. సోమవారం ఈవిడ అడిగినప్పుడు కూడా తెలిసే లేదన్నాను."

వీరభద్రం మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. అరుస్తాడనుకున్నారు. అరవలేదు. "ఇకమీదట నా గుర్రాల మీద చెయ్యి వెయ్యకండి," అన్నాడు. గేటు వైపు రెండడుగులు వేశాడు.

"అన్నా," అన్నాడు భిక్షం వెనకనుంచి, గడ్డి దులుపుతూ. "షూటింగ్‌ల గాలి ఫ్యాన్ ఎట్లనూ పెడ్తరు కద హీరో జుట్టు కోసం. జర గుర్రం దిక్కు తిప్పమని మేనేజర్‌కు చెప్పరాదు. గాలున్నంతసేపు ఇది కదుల్తలేదు."

వీరభద్రం వెనక్కి తిరగలేదు గానీ ఆగాడు. సెల్‌ఫోన్ తీసి నంబరు నొక్కుకుంటూ గేటు దాటాడు.

మనోజ గోడ పక్కనున్న ఖాళీ బక్కెట్టు బోర్లించి కూర్చుంది. సంచీలోంచి పొడుగు నోటుబుక్కు తీసి, ముత్యం పేరు, వయసు రాసి ఉన్న పేజీ తెరిచి మోకాలి మీద పెట్టుకుంది.

"చెప్పుండ్రి సార్. మొదటి సూది ఎప్పుడు?"

"మాఘ శుద్ధ పంచమి. శ్రీపంచమి పెళ్లిళ్లు," అన్నాడాయన. "పది సీసీ. చాలా రోజులు పని చేసే రకం."

"రెండోది?"

"మళ్లీ మూడో రోజు. దురద అప్పటికే తగ్గింది. ఇవ్వక్కర్లేదు. బాగా తగ్గిందని అందరూ మెచ్చుకుంటుంటే ఇచ్చాను."

ఆమె కలం ఆగింది. తలెత్తలేదు. "ఆ రెండోది లేకుంటే ఆలోచించేదాన్ని," అంది. "ఇగ దీనికి స్టెరాయిడ్ వద్దు." భిక్షం గూట్లోంచి పొట్లం తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని సంచీలో వేసుకుని మళ్లీ కలం పట్టింది. "కాళ్లు పట్టుకున్నది ఏనాడు?"

"రెండో సూది పడిన నాలుగో నాడు పొద్దున. ఎడమ కాలు ముందు. సాయంత్రానికి రెండూ. నాడి గంట కొట్టినట్టు కొట్టుకుంది."

ఆమె అడుగుతూనే ఉంది. ఏం తింది, ఎంతసేపు పడుకుంది, మళ్లీ ఏ రోజు నడిచింది. ఆయన నిలబడే చెప్పాడు. గుర్తురానిచోట భిక్షం అందించాడు. చెబుతూ ఆయన ఆమె భుజం మీంచి పేజీలోకి చూశాడు. ఆమె దస్తూరి గుండ్రంగా, ముత్యాల్లా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. దానికీ ఆయన కళ్లు కుట్టాయి. అయినా ఒక్క తేదీ కూడా తప్పు చెప్పలేదు.